అరవై రెండు చేతులు

పాత టెండరు కాగితంలో సంవత్సరం మార్చడానికి కొత్తమ్మాయికి రెండు నిమిషాలు చాలు. ఆఖరి అంకె చెరిపి పక్క అంకె కొట్టి, పైన తేదీ దిద్దితే కొత్త టెండరు తయారు. పురపాలక కార్యాలయం కొనుగోళ్ల విభాగంలో ఆమె చేరి రెండేళ్లయింది. తన తర్వాత ఎవరూ చేరకపోవడంతో అందరికీ కొత్తమ్మాయిగానే ఉండిపోయింది. ఈసారి మాత్రం రెండు చోట్ల ఎక్కువ మార్చాలి, ఎందుకంటే పారిశుద్ధ్య పనివాళ్ల గ్లౌజులు ఇప్పుడు ఏడాదికి కాదు, మూడేళ్లకి కలిపి కొంటున్నారు. శుక్రవారం కొనుగోలు కమిటీ కూర్చుంటుంది. కమిషనర్ మేడమ్ సంతకం పెట్టగానే టెండరు బయటికి వెళ్లిపోతుంది.

సోమవారం పొద్దున ఆమె ‘చేతి తొడుగులు, రబ్బరువి, సైజు: పెద్దది’ అన్న వరుస దాటుతుండగా పక్క గదిలో గొంతులు పెరిగాయి. రెండు గదుల మధ్య గోడ సగమే, పైన అంతా అద్దం. పారిశుద్ధ్య ఇన్‌స్పెక్టర్ బల్ల ముందు ఒక పొట్టి మనిషి నిలబడి ఉంది. నలభై దాటిన ఆడమనిషి. ఆమె వార్డులో చిన్నా పెద్దా అందరికీ పొట్టక్క.

ప్రభుత్వం గ్లౌజులిస్తే ఇంట్లో దాచుకుంటారనీ, రేపు ఏ గాజుముక్కో గుచ్చుకుంటే తన ప్రాణం తీస్తారనీ ఇన్‌స్పెక్టర్ దండకం చదువుతున్నాడు. పొట్టక్క సంచిలోంచి గ్లౌజులు తీసి రెండు చేతులకీ తొడిగింది. వేళ్ల చివర రబ్బరు ఖాళీగా వేలాడింది. ఆ చేత్తో బల్లమీద ఆయన పెన్ను తియ్యబోయింది. పెన్ను జారింది. మళ్లీ తీసింది. ఈసారి అది దొర్లుకుంటూ వెళ్లి ఆయన కాళ్ల దగ్గర పడింది.

"నాతో ఆటలాడుతున్నావా?" అన్నాడాయన.

"ఆట కాదు బాబూ. పెన్నే ఆగట్లేదు, చీపురెలా ఆగుద్ది?"

ఇది రెండో నోటీసనీ, మూడోది ఇచ్చిన రోజున హాజరు పట్టీలో ఆమె పేరుండదనీ ఆయన చెప్పాడు. ఆ నోటీసు కూడా కొత్తమ్మాయే టైపు చెయ్యాలి. చేసింది. ‘సరఫరా చేసిన తొడుగులను ఉద్దేశపూర్వకంగా వాడనందున’ అని కొడుతుంటే వేళ్లు ఆగాయి. ఎడం పక్కన ఆ గ్లౌజులు కొనే కాగితం, కుడి పక్కన వాటిని తొడగనందుకు శిక్షించే కాగితం. రెండూ ఆమె చేతి పనే. రెండేళ్లుగా ‘పెద్దది’ అన్న మాటను ముట్టుకోకుండా అంకెలు మాత్రం దిద్దుతున్నది కూడా ఆమే.

భోజనాల వేళ ఆమె స్టోరుకి దిగింది. అక్కడ స్టోర్ బాబాయి రాజ్యం. ఆరడుగుల మనిషి, చేటంత చెయ్యి. గ్లౌజులు ఎలా వాడుతున్నారో ఎక్కడైనా రాసి ఉందా అని అడిగితే ఆయన సంబరంగా రిజిస్టరు తెరిచి చూపించాడు. పంపిణీ నూటికి నూరు శాతం. సద్వినియోగం అన్న గడిలో కూడా అదే అంకె.

"ఈ రెండో నూరు ఎక్కణ్ణుంచి వచ్చింది బాబాయ్?"

"మొదటి నూరులోంచే. పుచ్చుకున్నవాడు వాడకేం చేస్తాడమ్మా."

సైజు సంగతి అడిగితే ఆయన ఛాతీ ఇంకాస్త పెరిగింది. పదకొండేళ్ల క్రితం మొదటిసారి కొన్నప్పుడు పారలు పట్టే మగవాళ్ల కోసమే కొన్నారట. అప్పుడు నమూనా తొడిగి చూడమని తనకిచ్చారట. అది మొదలు ప్రతి ఏడాదీ నమూనాలు తనే తొడిగి చూస్తాడు. తన చేతికి పట్టినవాటికి ‘సరిపోయింది’ అనీ, పట్టనివాటికి ‘సరిపోలేదు’ అనీ చీటీ కడతాడు. సరిపోనివి కూడా పారెయ్యడు. నిబంధన ప్రకారం పై అరలో పెట్టెలో భద్రంగా ఉంచాడు. నిచ్చెన వేసి ఆ పెట్టె దింపాడు. లోపల ఇరవై జతలు, ఒకటి చిన్నదైతే ఒకటి మధ్యరకం, అన్నిటికీ ఆయన చేతి చీటీలు.

కొత్తమ్మాయి ఒక జత తీసి తొడుక్కుంది. వేలికి వేలు అతికినట్టు పట్టింది. ఆ చేత్తో నేలమీద పడ్డ గుండుసూది తీసింది. సూది వచ్చింది. దాన్ని పైకెత్తి చూపిస్తూ ఆమె నవ్వింది. స్టోర్ బాబాయి ఆ సూదినీ తన అరచేతినీ మార్చి మార్చి చూశాడు. కాసేపటికి చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ సాయంత్రం బస్సులో ఆమె నిలబడే వచ్చింది. సీటు ఖాళీ అయిందని పక్కావిడ చెప్పినా వినపడలేదు. వేళ్లు అప్పుడే ఏదో గీస్తున్నట్టు కడ్డీమీద కదులుతున్నాయి.

మంగళవారం తెల్లారేసరికి ఆమె వార్డు షెడ్డు దగ్గరుంది. అమ్మ కుట్టుమిషను పక్కనుంచి గోధుమరంగు కాగితాల చుట్ట తెచ్చుకుంది. అమ్మ దర్జీ, బట్ట కత్తిరించే ముందు ఆ కాగితాల మీదే కొలత గీస్తుంది. షెడ్డులో బళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. హాజరు వేయించుకోవడానికి వచ్చిన పనివాళ్లు కాగితం పరిచిన బల్లనీ, పెన్సిలు పట్టుకుని బిక్కుబిక్కుమంటున్న పిల్లనీ చూసి చుట్టూ మూగారు. ఎందుకొచ్చావంటే చెయ్యి కాగితం మీద పెట్టమని సైగ చేసింది.

చెయ్యి చూసి పెళ్లెప్పుడో చెప్తుందేమో అన్నారొకరు. దొంగతనం జరిగుంటుంది, వేలిముద్రలకొచ్చింది అన్నారు ఇంకొకరు. ఒక్క చెయ్యీ ముందుకి రాలేదు. అప్పుడు వెనకనుంచి పొట్టక్క తోసుకుంటూ వచ్చింది. నిన్న అద్దం వెనకాల కూర్చుని నోటీసు కొట్టిన పిల్ల ఈమేనని ఆమెకి తెలుసు.

"నోటీసులో చెయ్యి బొమ్మ కూడా వేస్తారా పాపా?"

"కాదక్కా. గ్లౌజు ఎవరి చేతికి కొన్నామో తెలుసుకుందామని."

పొట్టక్క అరచెయ్యి ఒళ్లో తుడుచుకుని కాగితం మీద వేళ్లు చాపి పెట్టింది. చూపుడువేలి కణుపు మీద పాత గాటు, బొటనవేలి పక్కన కొత్త గాటు. పెన్సిలు మొన వేళ్ల సందుల్లోకి దిగినప్పుడల్లా ఆమెకి చక్కిలిగింతై భుజం ముడుచుకుంది. అది చూసి అందరూ నవ్వారు. ఆ నవ్వుతో వరస కట్టారు. కొందరు చెయ్యి పెట్టి వెళ్లి, తమ గీత సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి మళ్లీ వచ్చారు. ఒకాయన పక్కవాడి చేతికన్నా తనది పెద్దదని తేల్చమన్నాడు. బళ్లు కదిలేసరికి అరవై రెండు చేతులు కాగితం మీద ఉన్నాయి.

మధ్యాహ్నం ఒంటిగంటకి పని ముగించి బళ్లు తిరిగొచ్చే వేళ ఆమె మళ్లీ వెళ్లింది. వచ్చేవాళ్లలో ఎంతమంది చేతులకి గ్లౌజులున్నాయో లెక్కపెట్టింది. ఇద్దరు. కాగితం మూల రాసుకుంది.

సాయంత్రం అమ్మ మిషను ఆపి, గీతలన్నీ కత్తిరించిపెట్టింది. ఇద్దరూ నేలమీద కూర్చుని చేతులను కుప్పలు పోశారు. పెద్దవి ఎనిమిది. మధ్యరకం ముప్పై మూడు. చిన్నవి ఇరవై ఒకటి. కొత్తమ్మాయికి కూర్చున్నచోట కాలు నిలవడం లేదు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఉంది కదా, ఇక మా విభాగం చూసే సూపరింటెండెంటు గారు కాదనడానికేముంది అంది. అమ్మ చెవి దగ్గర పెన్సిలు సర్దుకుంది.

"కొలత సరిపోతే బట్ట సరిపోయినట్టు కాదే. కుట్టించుకుపోయినావిడ దాన్ని తొడుక్కుని వీధిలోకి రావాలి. అప్పుడు సరిపోయినట్టు."

బుధవారం సూపరింటెండెంటు గారి బల్లమీద మూడు కుప్పలూ పెట్టింది. ఆయన చెడ్డవాడు కాదు, జాగ్రత్తపరుడు. మరీ ఎక్కువ జాగ్రత్తపరుడు. పదకొండేళ్లుగా నడుస్తున్నదాన్ని కదిలిస్తే ఆడిట్‌వాళ్లు ముందు తన మెడ పట్టుకుంటారన్నాడు. ఎందుకు కొన్నావని ఎవరూ అడగరు, ఎందుకు మార్చావని అందరూ అడుగుతారన్నాడు. మామూలుగా అయితే ఆమె సరేనని వెనక్కి తిరిగేది. ఆ రోజు తిరగలేదు. నేలచూపులు చూస్తూనే, స్టోరులో ఇరవై జతలున్నాయనీ, ఒక్కరోజు వాడి చూస్తామనీ, శుక్రవారంలోగా అంకె తెస్తాననీ గడగడా చెప్పేసింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంత పొడుగు మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు.

"కమిటీలో మేడమ్ వినేది ఒక్క అంకె. అది బలంగా ఉంటేనే తీసుకురా. లేకపోతే పాతదే వెళ్తుంది, మూడేళ్లకి."

గురువారం పొద్దున పెట్టెను స్టోర్ బాబాయే తన సైకిలు వెనక కట్టుకుని తెచ్చాడు. చీటీలన్నీ పీకేసి ఉన్నాయి. కొత్తమ్మాయి కాగితం చేతులు చూసుకుంటూ ఎవరి జత వాళ్లకి ఇచ్చింది. పొట్టక్కకి చిన్న సైజు. తొడుక్కుని వేళ్లు ముడిచి, విప్పి, చీపురు కర్ర ఒడిసిపట్టి గిర్రున తిప్పింది. ఇరవై మందీ తొడుక్కుని బళ్లు తోసుకుంటూ వెళ్లారు. కొత్తమ్మాయి ఆఫీసులో ఆ పూట ఒక్క వరుస టైపు చెయ్యలేకపోయింది. గడియారం ముల్లుని కళ్లతో నెట్టింది.

ఒంటిగంటకి బళ్లు రావడం మొదలైంది. మొదటి బండి దగ్గర నాలుగు చేతులు, నాలుగింటికీ గ్లౌజులు. రెండో బండి అంతే. ఆమె పెన్సిలు గంతులేసింది. మూడో బండి దగ్గర ఆగిపోయింది. పొట్టక్క ముఠా అది. అందరివీ ఉత్త చేతులే. గ్లౌజులు బండి అంచు మీద వరసగా ఆరేసి ఉన్నాయి. మొత్తం లెక్కపెడితే ఇరవైలో పదకొండు మంది తొడుక్కుని వచ్చారు, తొమ్మిది మంది తీసేశారు.

ఆమె మొహం చూసి పొట్టక్క నవ్వలేదు. పక్కకి పిలిచి, ఆరేసిన గ్లౌజు ఒకటి తలకిందులు చేసింది. లోపలనుంచి నల్లటి నీళ్లు కారాయి. ఊడ్చేవాళ్లకి బాగానే ఉందనీ, తమకి ఊడ్పు కాగానే కాలవ పని అనీ చెప్పింది. మోచేతి దాకా ముంచి పూడిక తియ్యాలి, ఇవి మణికట్టు దగ్గరే ఆగిపోయాయి. ఒకసారి లోపలికి నీళ్లు దిగితే చెయ్యి నానుద్ది, నానిన చెయ్యి ఇట్టే కోసుకుంటుంది, అంతకన్నా ఉత్త చెయ్యే మేలు. తీసేసిన తొమ్మిది మందీ కాలవ పనివాళ్లే.

కొత్తమ్మాయి నీళ్లు కారుతున్న ఆ గ్లౌజుని చూస్తూ నిలబడిపోయింది. మెల్లగా మొహం మళ్లీ వెలిగింది. పదకొండు మంది సైజు సంగతి చెప్పారు. అసలు సంగతి ఈ తొమ్మిది మందే చెప్పారు. సైజులు మూడు కావాలి, పొడవులు రెండు కావాలి. తీసెయ్యకపోయి ఉంటే మూడేళ్లపాటు పొట్టి గ్లౌజులే వచ్చి పడేవి. ఆ ఊపులో ఆమె పరుగున ఆఫీసుకి వెళ్లి సూపరింటెండెంటు గారికి చెప్పింది. ఆయన చివరిదాకా విని, కాగితం తన వైపు లాక్కున్నాడు.

పదకొండు అంటే సగం. సగానికి ఎవరూ టెండరు ఆపరు అన్నాడు. పొద్దున ఇరవై మందీ తొడిగారు కాబట్టి ఇరవైకి ఇరవై అని రాస్తే అబద్ధమూ కాదన్నాడు. ఆమె నోరు తెరవబోతుంటే గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పాడు. తొమ్మిది మంది తీసేశారని రాస్తే ఇన్‌స్పెక్టర్ వాళ్ల పేర్లడుగుతాడు. అందులో రెండు నోటీసులు తిన్న మనిషి ఉందట కదా.

ఆమెకి ఇంతవరకూ ఆ ఆలోచనే రాలేదు. ఇరవై అని రాస్తే పొట్టక్క ఉద్యోగం నిలుస్తుంది, కాలవలో మాత్రం ఆమె చేతులు మూడేళ్లు నానుతాయి. పదకొండు అని రాస్తే చేతులకి దారి దొరకొచ్చు, మనిషికి మాత్రం రేపే మూడో నోటీసు.

ఆఫీసు వదిలాక ఇంటికి వెళ్లే బస్సెక్కలేదు. అడుగుతూ అడుగుతూ పొట్టక్క ఇంటికి వెళ్లింది. ఒకటే గది. పొట్టక్క గుమ్మంలో కూర్చుని మనవరాలికి జుట్టు దువ్వుతోంది. కొత్తమ్మాయి నిలబడే విషయమంతా చెప్పింది, ఏది రాయమంటావని అడిగింది. పొట్టక్క దువ్వెన ఆపలేదు. పాయ చివరిదాకా దువ్వి, చిక్కు తీసి, గట్టిగా ముడేసింది.

"తీసేశానని రాయి. నా పేరే ముందు రాయి."

"ఉద్యోగం పోతే అక్కా?"

"నోటీసు ఇవాళ కాకపోతే రేపిస్తాడు. ఆ గ్లౌజులతో నేను పని చెయ్యలేను, తియ్యక తప్పదు. మరి నువ్వు ఇరవై అని రాస్తే, అందరికీ బాగున్నాయి, ఈవిడొక్కదానికే పొగరు అంటారుగా." ఇంతదూరం నడిచొచ్చావు, మంచినీళ్లు తాగి వెళ్లమంది.

శుక్రవారం పదకొండింటికి కమిటీ గదిలో పొడవాటి బల్ల చుట్టూ ఇన్‌స్పెక్టర్‌తో కలిపి ఆరుగురు కూర్చున్నారు. కొత్తమ్మాయి గోడవారగా, ఒళ్లో కాగితాలతో. స్టోర్ బాబాయి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కమిషనర్ మేడమ్ టెండరు కాగితం తిప్పుతూ, పెన్ను మూత తీస్తూ, పాత గ్లౌజులు ఎంతమంది వాడుతున్నారని మాటవరసకి అడిగారు. సూపరింటెండెంటు గారు పంపిణీ నూటికి నూరు అన్నాడు.

"పంచింది కాదు నేనడిగింది. తొడుగుతున్నది."

పదకొండేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, కాబట్టి ఎవరూ జవాబు దగ్గరుంచుకోలేదు.

"ఇద్దరు మేడమ్," అంది గోడ దగ్గర గొంతు. అది తన గొంతేనని కొత్తమ్మాయికి అందరూ తిరిగి చూశాకే తెలిసింది. "అరవై రెండు మందిలో."

మేడమ్ పెన్ను కింద పెట్టారు. తర్వాత అరగంటా కొత్తమ్మాయి ఏం చెప్పిందో ఆమెకే సరిగా గుర్తులేదు. చేతుల కుప్పలు మాత్రం బల్లమీద పరిచింది. స్టోర్ బాబాయి తన చెయ్యి పైకెత్తి, పదకొండేళ్ల కొలత ఇదేనని తనే ఒప్పుకున్నాడు. బల్ల చుట్టూ నవ్వులు వచ్చాయి, ఆయనా నవ్వాడు. ఒక్కరోజు పరీక్షలో పదకొండు మంది తొడిగారనీ, తొమ్మిది మంది తీసేశారనీ ఆమె చెప్పగానే ఇన్‌స్పెక్టర్ కుర్చీలో ముందుకి జరిగాడు.

"చూశారా మేడమ్, కొలిచి ఇచ్చినా తొడగరు. ఆ తొమ్మిది పేర్లూ ఇప్పించండి, ఇవాళే నోటీసులిస్తాను."

కొత్తమ్మాయి లేచి కాగితం మేడమ్ ముందు పెట్టింది. మొదటి పేరు పొట్టక్కది. పేరు పక్కన ఎందుకు తీసిందో రాసి ఉంది. మిగతా ఎనిమిదింటి పక్కనా అదే కారణం. మేడమ్ చదివి, ఒక బకెట్టు నీళ్లు తెమ్మన్నారు. స్టోర్ బాబాయి పరుగున వెళ్లి తెచ్చాడు. ఆవిడ కొత్తమ్మాయి తెచ్చిన జతలోంచి ఒక గ్లౌజు తొడుక్కుని, కుర్తా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా ముంచారు. బయటికి తీసేసరికి గ్లౌజు పొట్లంలా ఉబ్బి ఉంది. పెన్ను తీసుకోబోయారు. వేళ్లు వంగలేదు. గ్లౌజు విప్పబోతే చేతికి అంటుకుపోయింది. లాగి లాగి విప్పి, బల్లమీద పెట్టారు. తడి మరక టెండరు కాగితం దాకా పాకింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, నేనూ తీసేశాను," అన్నారు మేడమ్. "నా పేరు పదోదిగా రాసుకోండి."

టెండరు ఆ రోజు వెళ్లలేదు. సైజులు మూడు, పొడవులు రెండు చేర్చి పదిహేను రోజుల్లో మళ్లీ తెమ్మన్నారు. మూడేళ్ల సరుకూ ఒకేసారి పుచ్చుకోకుండా విడతలుగా పుచ్చుకోమన్నారు. ప్రతి విడత తర్వాతా పని ముగిసే వేళ చేతులు లెక్కపెట్టాలి, ఆ అంకె చూశాకే తర్వాతి విడత. నమూనాలు తొడిగి చూసేది ఆ తొమ్మిది మందే. గ్లౌజుల మీద ఇచ్చిన నోటీసులన్నీ రద్దు. ఇకమీదట వార్డులో ఉత్త చేతులు కనిపిస్తే ఇన్‌స్పెక్టర్ సంజాయిషీ అడగాల్సింది పనివాళ్లని కాదు, కొనుగోళ్ల విభాగాన్ని. జవాబు చెప్పాల్సిన ఉద్యోగి ఎవరని ఆయన అడిగితే మేడమ్ గోడ వైపు చూపించారు.

సూపరింటెండెంటు గారు బయటికొస్తూ, ఇంత సర్వీసులో టెండరు ఆగడం ఇదే మొదటిసారి అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, పరిగెత్తు, ఒంటిగంట కావస్తోంది, వాళ్లు వెళ్లిపోతారు అన్నాడు.

ఆమె పరిగెత్తింది. షెడ్డు దగ్గరికి చేరేసరికి ఊపిరి అందలేదు. బళ్లు అప్పుడే వచ్చాయి, పనివాళ్లు పంపు కింద కాళ్లు కడుక్కుంటున్నారు. ముక్కలు ముక్కలుగా చెప్పింది. రద్దయ్యాయంది, రెండూ రద్దయ్యాయంది, ఇక నుంచి మీరు తొడక్కపోతే నోటీసు నాకొస్తుందంది. ఎవరో ఈలేశారు. ఇన్నాళ్లకి నోటీసు సరైన ఇంటికి దారి కనుక్కుందన్నారు ఇంకెవరో. అందరూ ఒక్కసారి మాట్లాడుతుంటే పొట్టక్క మాత్రం పంపు పక్కన రాయి మీద కూర్చుని తడి కాలు తుడుచుకుంటోంది. కొత్తమ్మాయి దగ్గరికెళ్లి, నీకే చెప్తున్నానక్కా అంది.

"విన్నాలే పాపా." పక్కనున్న రబ్బరు బూటు తీసి బోర్లించింది. మడమ దగ్గర కుక్కిన గుడ్డపేలికలు నాలుగు రాలాయి. కాలు చాపి, మడమ మీద ఒరుసుకుపోయిన ఎర్రటి పుండు చూపించింది. "సరేగానీ, ఈ బూట్లు ఎవరి కాలికి కొన్నారు?"

కొత్తమ్మాయి బూటు అందుకుని లోపల చెయ్యి పెట్టి చూసింది. మోచెయ్యి దాకా వెళ్లింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. నేలమీద కూర్చుని సంచి వెతికింది. కాగితం ఒక్కటే మిగిలింది. దాన్ని గచ్చు మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గులకరాళ్లు పెట్టింది.

"ఇలా పెట్టక్కా."

వెనక అప్పటికే వరస కడుతున్నారు. ఇంకా కాగితాలు కావాలని, వాళ్లలో ఒకరు కొట్టు వైపు పరిగెత్తారు.